80 అడుగుల తిమింగలం కోసం హైవే దిగాం

షికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఉద్యోగం మారినప్పుడు సామానంతా మూవర్స్‌కి అప్పజెప్పేసి, కారు మాత్రం నేనే నడుపుకుంటూ పోతానని చెప్పా. తమ్ముడికి అప్పుడే సెమిస్టర్ అయిపోయింది, నేనూ వస్తానక్కా అన్నాడు. గట్టిగా నడిపితే మూడు రోజుల దారి, మాకు ఏడు రోజులు పట్టింది. ఎందుకంటే బయల్దేరే ముందే వాడు ఒక షరతు పెట్టాడు, రోడ్డు పక్కన పెద్దగానో వింతగానో ఏదైనా కనిపిస్తే కచ్చితంగా ఆగాలి, లేటవుతోంది అన్న మాట రాకూడదు అని. సరేరా అన్నాను. అలా ఒప్పుకున్నందుకు ఇప్పటికీ ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, అందుకే ఇదంతా రాస్తున్నా.

ఈ దేశంలో ఎనిమిదేళ్లుగా కారు నడుపుతున్నా గానీ నాకు తెలిసిందల్లా ఇంటర్‌స్టేట్ ఒక్కటే, అంటే రాష్ట్రాలు దాటి పోయే పెద్ద హైవే. ఎక్కడం, క్రూజ్ కంట్రోల్ పెట్టడం, రెండు గంటలకోసారి ఎగ్జిట్ తీసుకోవడం, ఏ ఎగ్జిట్‌లో దిగినా అవే పెట్రోల్ బంకులు అవే కాఫీ షాపులు, మళ్ళీ ఎక్కడం. ఏ రాష్ట్రంలో ఉన్నామో నంబర్ ప్లేట్లు చూస్తే తప్ప తెలిసేది కాదు. ఈసారి వీలైనంత వరకు పాత రూట్ 66 మీద వెళ్దాం అనుకున్నాం. 1926లో మొదలైన రోడ్డు అది, షికాగో నుంచి శాంటా మోనికా దాకా, ఒకప్పుడు 2,448 మైళ్ళు, ఎనిమిది రాష్ట్రాలు. 1956లో ఇంటర్‌స్టేట్ చట్టం వచ్చాక కొత్త హైవేలు ఒక్కో ముక్కా దీన్ని మింగుతూ పోయాయి, చివరికి 1985లో అధికారికంగా ఆ నంబరే తీసేశారు. ఇప్పుడది ముక్కలు ముక్కలుగా ఉంది, కొన్ని చోట్ల ఇంటర్‌స్టేట్ పక్కనే సర్వీస్ రోడ్డులా, కొన్ని చోట్ల ఊరి మెయిన్ రోడ్డుగా, కొన్ని చోట్ల గడ్డి మొలిచిన పాత సిమెంటు పలకలుగా.

మొదటి రోజే విల్మింగ్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక ఆకుపచ్చ మనిషి కనిపించాడు. సుమారు 30 అడుగుల ఎత్తు, నెత్తిన వ్యోమగామి హెల్మెట్, రెండు చేతుల్లో ఒక రాకెట్. పేరు జెమిని జెయింట్. 1965లో, అంటే అమెరికా వాళ్ళు జెమిని అంతరిక్ష యాత్రలు చేస్తున్న రోజుల్లో, ఒక డ్రైవ్-ఇన్ రెస్టారెంట్ ముందు నిలబెట్టారు. ఆ రెస్టారెంట్ మూతపడింది, 2024లో బొమ్మని వేలం వేశారు, 2,75,000 డాలర్లు పలికింది. కొన్నది ఎవరో కోటీశ్వరుడు కాదు, ఆ పక్కనే జోలియెట్‌లో ఉన్న చరిత్ర మ్యూజియం వాళ్ళు. కొని, బాగు చేయించి, అదే ఊళ్ళో పార్కులో మళ్ళీ నిలబెట్టారు. ఊరి బొమ్మ ఊరు దాటి పోకూడదని అంత డబ్బు పెట్టారన్న సంగతి చదివాక బొమ్మని ఇంకో రౌండ్ తిరిగి చూశాం.

అక్కడ్నించి కిందికి వెళ్తే అట్లాంటా అని ఇంకో ఊరు, జార్జియాలో ఉన్న పెద్ద అట్లాంటా కాదు, ఇల్లినాయ్‌లో రెండు వీధుల ఊరు. ఇక్కడ 19 అడుగుల మనిషి హాట్‌డాగ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు కాసేపు అలాగే చూసి "అక్కా, ఇతని చేతులు పొద్దున చూసినాయన చేతుల్లాగే ఉన్నాయి చూడు" అన్నాడు. నిజమే. రెండిట్లోనూ కుడి అరచెయ్యి పైకి, ఎడమ అరచెయ్యి కిందికి. హాట్‌డాగ్ పట్టుకోవడానికి ఎవరూ అలా చేతులు పెట్టరు, రాకెట్‌కి కూడా పెట్టరు.

దాని వెనక కథ నాకు ఈ ట్రిప్ మొత్తంలో బాగా నచ్చినవాటిలో ఒకటి. 1960ల్లో కాలిఫోర్నియాలో వెనిస్ అనే చోట ఇంటర్నేషనల్ ఫైబర్‌గ్లాస్ అని ఒక కంపెనీ ఉండేది. వాళ్ళ దగ్గరికి వచ్చిన మొదటి అచ్చు పాల్ బన్యన్‌ది, అంటే ఇక్కడి జానపద కథల్లో ఉండే రాక్షసుడంత కట్టెలుకొట్టేవాడు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో రూట్ 66 మీద ఉన్న ఒక కెఫే కోసం చేసిన బొమ్మ అది. చేతిలో గొడ్డలి ఉండాలి కదా, గొడ్డలి పట్టుకున్నట్టు చేతులు పోశారు, ఒకటి పైకి ఒకటి కిందికి. తర్వాత ఎవరు ఆర్డర్ ఇచ్చినా అదే అచ్చు, తల మార్చి బట్టల రంగు మార్చి చేతిలో వస్తువు మార్చి పంపేవాళ్ళు. మఫ్లర్ అంటే ఇక్కడ కారు సైలెన్సర్, ఆ షాపులవాళ్ళు కొందరు అదే పట్టించారు, అందుకే మొత్తం జాతికి మఫ్లర్ మెన్ అని పేరు పడిపోయింది. టైర్లు అమ్మేవాడికి టైరు, రాకెట్ కావాలన్నవాడికి రాకెట్. లేని గొడ్డలి పట్టు మాత్రం అందరి చేతుల్లోనూ అలాగే మిగిలిపోయింది. ఆ తర్వాత ఎక్కడ రోడ్డు పక్కన పెద్ద మనిషి కనపడినా మేం ముందు చేతులే చూసేవాళ్ళం. అట్లాంటాలో 2024 నుంచి వీటికోసమే ఒక మ్యూజియం కూడా ఉంది, అటువైపు వెళ్తే వదలకండి.

అసలు ఇంత పెద్దవి ఎందుకు చేశారు అని కారులో చాలాసేపు మాట్లాడుకున్నాం. తమ్ముడు లెక్క వేశాడు. గంటకి 60 మైళ్ళు అంటే సెకనుకి 88 అడుగులు. అంటే ఒక బోర్డు చూసి, చదివి, పక్కన కూర్చున్నవాళ్ళని "ఆగుదామా" అని అడిగి, వాళ్ళు సరే అనేలోపు నాలుగైదు సెకన్లు అయినా నాలుగొందల అడుగులు దాటిపోతాం. మామూలు షాపు బోర్డు ఆ దూరం నుంచి ఎవరికి కనపడుతుంది. రోడ్డు పక్కన పొట్టపోసుకునేవాళ్ళకి ఆ నాలుగైదు సెకన్లే వ్యాపారం. అందుకని చిన్న మోటెల్, చిన్న హోటల్, పాముల ప్రదర్శన ఏది పెట్టుకున్నవాడైనా సరే మైలు ముందు నుంచే కనపడేలా ఏదో ఒకటి నిలబెట్టాడు, వెనక సీట్లో పిల్లలు చూసి గోల పెడితే చాలు, నాన్న బ్రేక్ వేస్తాడు. ఇంటర్‌స్టేట్ వచ్చాక ఆ లెక్కే పోయింది, ఎందుకంటే అక్కడ ఎక్కడ పడితే అక్కడ పక్కకి తిప్పడానికి ఉండదు, ఎగ్జిట్ ఉన్నచోటే దిగాలి. ఎంత పెద్ద బొమ్మైనా కంచెకి అవతల ఉంటే ఏం లాభం.

మిస్సోరిలో ఫానింగ్ దగ్గర 42 అడుగుల ఎర్ర ఊగుడు కుర్చీ చూశాం, 2008లో పెట్టారు, ప్రపంచంలో అతి పెద్దదని రికార్డు కూడా ఉండేది, తర్వాత ఇల్లినాయ్‌లో కేసీ అనే ఊరివాళ్ళు ఇంకా పెద్దది కట్టి ఆ రికార్డు పట్టుకుపోయారు. ఊగుడు కుర్చీ అంటారు గానీ ప్రమాదం అని కింద వెల్డింగ్ చేసేశారు, ఊగదు. ఫోటో బాగుంటుంది, అంతకుమించి నాకేం అనిపించలేదు. రికార్డు కోసం కట్టినవాటికీ ఇంకో కారణంతో కట్టినవాటికీ తేడా అదే రోజు సాయంత్రం తెలిసింది.

ఓక్లహోమాలో టల్సా ఇంకో పావుగంటలో వస్తుందనగా కటూసా అనే ఊరు. చెట్ల మధ్యలో ఒక చెరువు. చెరువులో, ఒడ్డుని ఆనుకుని, నోరు తెరుచుకుని నవ్వుతున్న నీలి తిమింగలం. 80 అడుగుల పొడవు. ఓక్లహోమాకి సముద్రం ఎంత దూరమో మ్యాప్ చూస్తే తెలుస్తుంది, అలాంటి చోట తిమింగలం. నెత్తిన చిన్న టోపీ కూడా ఉంది. నోట్లోంచి లోపలికి నడిచి వెళ్ళొచ్చు, పక్క రెక్కలు జారుడుబల్లలు, తోక దగ్గర నీళ్ళలోకి దూకడానికి పలక. ఇప్పుడు ఈత కొట్టనివ్వరు, ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకోవచ్చు. ఎంట్రీ ఫీజు లేదు.

కట్టినాయన పేరు హ్యూ డేవిస్. టల్సాలో మోహాక్ జూకి డైరెక్టర్‌గా చాలా ఏళ్ళు పని చేసిన మనిషి. ఆయన భార్య జెల్టాకి తిమింగలాల బొమ్మలు సేకరించడం ఇష్టం, చిన్న చిన్న బొమ్మలు. రిటైర్ అయ్యాక 1970లో మొదలుపెట్టి పైపులతో అస్థిపంజరం లాంటి ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, దాని మీద సిమెంటు చేతులతో మెత్తుకుంటూ పోయి 1972లో పూర్తిచేశాడు. పెళ్ళిరోజు కానుక. అలమరలో పెట్టుకునే బొమ్మల్ని ఇష్టపడే మనిషికి చెరువులో పట్టేంత బొమ్మ ఇచ్చాడు.

మొదట ఇంట్లోవాళ్ళ కోసమే, కానీ అది రూట్ 66 పక్కనే ఉంది కదా, దారిన పోయేవాళ్ళు ఆగి నీళ్ళలో దిగడం మొదలుపెట్టారు, వద్దనలేక అందరికీ తెరిచేశారు, ఇసుక పోయించారు, బల్లలు వేయించారు. 1988లో వాళ్ళకి వయసు మీద పడి మూసేశారు, 1990లో ఆయన పోయారు. తర్వాత కొన్నేళ్ళు రంగు ఊడిపోయి పాకుడు పట్టి పాడుపడి ఉందట. మళ్ళీ ఊరివాళ్ళే పూనుకుని రంగులు వేశారు, 2020లో కటూసా సిటీ వాళ్ళు స్థలం కొనేసి ఇప్పుడు వాళ్ళే చూసుకుంటున్నారు.

మేం వెళ్ళేసరికి సాయంత్రం ఐదున్నర. తిమింగలం తల లోపల చిన్న నిచ్చెన ఉంటుంది, ఎక్కితే గుండ్రటి కిటికీలు, వాటిలోంచి చెరువు కనిపిస్తుంది. గోడ మీద చెయ్యి పెడితే సిమెంటు నున్నగా లేదు, మెత్తినవాళ్ళ చేతుల గరుకు అలాగే తెలుస్తోంది. ఒక ముసలాయన మనవడిని తీసుకొచ్చాడు, నేను నీ అంత ఉన్నప్పుడు ఈ తోక మీంచి దూకేవాణ్ణి అని వాడికి చెప్తున్నాడు, వాడు నమ్మట్లేదు. తమ్ముడు మామూలుగా ఏ చోటుకెళ్ళినా పది ఫోటోలు తీసి కారెక్కుదాం అంటాడు, ఇక్కడ మాత్రం తోక చివర కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు. నేనూ పిలవలేదు.

మర్నాడు టెక్సస్. గ్రూమ్ దగ్గరికి రాగానే ఒక వాటర్ ట్యాంకు పక్కకి ఒరిగిపోయి కనిపించింది, రెండు కాళ్ళు నేల మీద, రెండు గాల్లో. తెలియకపోతే గుండె గుభేల్మంటుంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోతుంది అనిపిస్తుంది. పడదు. బ్రిటెన్ అనే ఆయన పాత ట్యాంకు కొనుక్కొచ్చి కావాలనే అలా వంకరగా పాతించాడు, తన ట్రక్ స్టాప్‌కి జనం రావాలని. డ్రైవర్లు కంగారుపడి బండి తిప్పి లోపలికి వచ్చి "మీ ట్యాంకు పడిపోతోందండీ" అని చెప్పేవాళ్ళట, అలా చెప్పడానికి వచ్చినవాళ్ళు ఎలాగూ ఏదో ఒకటి కొనుక్కునేవాళ్ళు. ఆ ట్రక్ స్టాప్ ఎప్పుడో కాలిపోయింది, ట్యాంకు మాత్రం అలాగే ఒరిగి ఉంది. ఇప్పుడు దాని పక్కన అమ్మడానికేమీ లేదు, అయినా కార్లు ఆగుతూనే ఉన్నాయి, మాతో పాటు ఇంకో మూడు ఆగాయి.

అమరిల్లో దాటగానే కాడిలాక్ రాంచ్. దీని గురించి చాలామంది విని ఉంటారు, పొలంలో పది కాడిలాక్ కార్లు ముక్కు కిందికి తోక పైకి వరసగా పాతిపెట్టి ఉంటాయి. 1974లో యాంట్ ఫామ్ అనే ఆర్టిస్టుల గ్రూపు చేసింది, ఛిప్ లార్డ్, హడ్సన్ మార్కెజ్, డగ్ మిషెల్స్ అని ముగ్గురు, డబ్బూ పొలమూ స్టాన్లీ మార్ష్ అనే అమరిల్లో ధనవంతుడివి. 1949 మోడల్ నుంచి 1963 దాకా ఉన్న కార్లు, ఆ కాలంలో కాడిలాక్ వెనక వైపు చేప రెక్కల్లాంటివి ఉండేవి కదా, అవి ఎలా పెరిగాయో ఎలా తగ్గాయో ఒక వరసలో కనపడాలని ఆలోచన. ఊరు పెరిగి దగ్గరికి వచ్చేస్తోందని 1997లో మొత్తం తవ్వి రెండు మైళ్ళు పడమటికి జరిపారు.

అయితే ఆ రెక్కలు ఇప్పుడు మీకు కనపడవు. వచ్చిన ప్రతివాళ్ళూ స్ప్రే పెయింట్ కొట్టచ్చు, కొట్టనిస్తారు, యాభై ఏళ్ళుగా కొడుతూనే ఉన్నారు. కార్ల మీద రంగు అంగుళాల మందాన పేరుకుపోయి, అంచులన్నీ ఉబ్బిపోయి చెట్టు బెరడులా అయిపోయింది. తమ్ముడు నీలం డబ్బాతో తన పేరు రాశాడు, మేం ఇంకా అక్కడే ఉండగానే ఒక పాప వచ్చి దాని మీద గులాబీ రంగు పువ్వు వేసింది. వాడు ఆ పువ్వునే ఫోటో తీసుకున్నాడు. నాకు ఒక్క విషయం మాత్రం బాధగా అనిపించింది, ఖాళీ డబ్బాలు పొలమంతా పడేసి పోతున్నారు, పక్కనే చెత్తడబ్బా ఉన్నా. దగ్గర్లో దొరికినన్ని ఏరి వేసొచ్చాం. మీరు వెళ్తే దయచేసి మీ ఖాళీ డబ్బాలు మీరే తిరిగి తీసుకెళ్ళండి, రంగు మిగిలితే వెనక వచ్చేవాళ్ళకి ఇవ్వండి, చాలామంది అలా ఇస్తున్నారు కూడా.

ఏడ్రియన్‌లో "లాస్ ఏంజెలెస్ 1139 మైళ్ళు, షికాగో 1139 మైళ్ళు" అని బోర్డు, సరిగ్గా సగం. అక్కడ ఫోటో దిగి ఆ రాత్రికి న్యూ మెక్సికోలో టుకుమ్‌కారి చేరాం. ఊరు చాలావరకు నిద్రపోయినట్టే ఉంది, మూతపడిన మోటెళ్ళు ఎక్కువ, కానీ చీకటి పడగానే బ్లూ స్వాలో మోటెల్ మీద నీలి పిట్ట నియాన్ వెలిగింది చూడండీ, రోడ్డంతా నీలం పోసినట్టయింది. ఆ మోటెల్ 1939 నాటిది, ఒక్కో గదికీ పక్కనే ఒక్కో చిన్న గ్యారేజ్. 1958లో ఫ్లాయిడ్ రెడ్‌మన్ అనే ఆయన లిలియన్ అనే ఆవిడకి ఇది నిశ్చితార్థం కానుకగా ఇచ్చాడు. ఆవిడ 1998 దాకా నడిపింది, నలభై ఏళ్ళు, మధ్యలో ఇంటర్‌స్టేట్ వచ్చి ఊరిని పక్కన పెట్టేసినా వదల్లేదు. తిమింగలం చూసొచ్చిన మర్నాడే ఇది విన్నాం కాబట్టి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాకు గది దొరకలేదు, ఎదురుగా కాలిబాట మీద కూర్చుని ఆ లైటు చూసి వేరే చోట పడుకున్నాం.

మర్నాడు ఆల్బకర్కీకి ముందు టిహేరాస్ దగ్గర పాట పాడే రోడ్డు కోసం కొంచెం వెనక్కి తిరగాల్సొచ్చింది, ఎందుకంటే అది తూర్పుకి వెళ్ళే లేన్‌లో మాత్రమే ఉంది. 2014లో వేశారు. నిద్రపోయే డ్రైవర్లని లేపడానికి రోడ్డు అంచున గరగరమనే చారలు ఉంటాయి కదా, అవే, కాకపోతే వాటి మధ్య దూరాన్ని స్వరానికి తగ్గట్టు లెక్కగట్టి వేశారు. గంటకి 45 మైళ్ళంటే సెకనుకి దాదాపు 20 మీటర్లు, చారల మధ్య 10 సెంటీమీటర్లుంటే టైరు సెకనుకి 200 సార్లు అదురుతుంది, అది ఒక స్వరం, దగ్గర చేస్తే పై స్వరం, దూరం చేస్తే కింది స్వరం. సరిగ్గా 45లో వెళ్తే కారు అడుగు నుంచి అమెరికా దేశభక్తి గీతం ఒకటి వినపడాలి. అంత అందమైన ఆలోచన, కానీ దాన్ని చూసుకునేవాళ్ళు లేక అరిగిపోయింది. మూడుసార్లు తిరిగాం, కిటికీలు మూసి, ఏసీ ఆపి, ఊపిరి బిగబట్టి. మూడోసారి రెండు మూడు స్వరాలు పలికినట్టు అనిపించింది, అంతే. తమ్ముడు నిజంగా దిగాలుపడ్డాడు. నాక్కూడా కష్టంగానే అనిపించింది, సిమెంటు తిమింగలానికి యాభై ఏళ్ళయినా ఊరివాళ్ళు రంగు వేస్తుంటే, ఇదేమో పట్టుమని పదేళ్ళు కూడా నిలబడలేదు.

అరిజోనాలోకి రాగానే పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లో 1932 నాటి స్టూడిబేకర్ కారు తుప్పుపట్టి ఇసుకలో నిలబడి ఉంటుంది, ఇంజినూ లేదు అద్దాలూ లేవు. రూట్ 66 ఇక్కడే వెళ్ళేది అని చెప్పడానికి పెట్టారు. దాని వెనక పాత టెలిఫోన్ స్తంభాలు వరసగా పోతుంటాయి, రోడ్డు లేదు, స్తంభాలే ఉన్నాయి. ఇంకేం చెయ్యకుండా అంత బాగా చెప్పచ్చని నేననుకోలేదు.

ఆ రాత్రి హోల్‌బ్రూక్‌లో విగ్వామ్ మోటెల్. ఇది మాత్రం నెల ముందే బుక్ చేశాం. సిమెంటుతో కట్టిన 15 గుడారాలు, ఒక్కోటీ ఒక్కో గది, ముందు పాత కార్లు నిలబెట్టి ఉంటాయి. "ఈ మధ్య ఎప్పుడైనా విగ్వామ్‌లో నిద్రపోయారా" అని బోర్డు. 1950లో ఛెస్టర్ లూయిస్ కట్టించాడు. డిజైన్ మాత్రం కెంటకీలో ఫ్రాంక్ రెడ్‌ఫోర్డ్ అనే ఆయనది, 1936లో పేటెంట్ తీసుకున్నాడు. లూయిస్ ఆయనకి డబ్బు ఎలా చెల్లించాడో తెలుసా, ప్రతి గదిలో నాణెం వేస్తే పాడే రేడియో పెట్టించాడు, పది సెంట్లకి అరగంట, ఆ నాణేలన్నీ పోగేసి రెడ్‌ఫోర్డ్‌కి పంపడమే రాయల్టీ. ఇంటర్‌స్టేట్ వచ్చాక 1974లో మోటెల్ మూతపడింది, ఆయన పోయాక పిల్లలు 1988లో మళ్ళీ తెరిచారు.

గది లోపల గోడలు పైకి పోయేకొద్దీ వంగుతుంటాయి, మంచం మీద పడుకుని చూస్తే పైన చీకటి కోన్‌లా ఉంటుంది. పాత హికరీ కర్ర మంచాలూ కుర్చీలూ ఇంకా అవే వాడుతున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. విగ్వామ్ అంటే ఇక్కడి ఆదివాసుల గుండ్రటి గుడిసె. ఈ ఆకారం అసలు విగ్వామ్‌ది కాదు, కోన్‌లా ఉండే టీపీ అనే గుడారానిది, అదీ ఎక్కడో ఉత్తరాన మైదానాల్లో ఉండే తెగలవాళ్ళది. హోల్‌బ్రూక్ పక్కనే ఉండే నవాహో తెగవాళ్ళ సంప్రదాయ ఇల్లు పూర్తిగా వేరు, దాన్ని హోగన్ అంటారు. ఆ కాలంలో టూరిస్టులకి అమెరికన్ ఇండియన్ అంటే ఒకటే బొమ్మ తెలుసు, అదే అమ్మారు, పక్కన నిజంగా బతుకుతున్న మనుషుల ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. ఆ గది నాకు చాలా నచ్చింది, ఇది కూడా అంతే నిజంగా నన్ను ఇబ్బంది పెట్టింది. రెండూ చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

పొద్దున్నే జోసెఫ్ సిటీ దగ్గర జాక్ రాబిట్ ట్రేడింగ్ పోస్ట్ అనే షాపు. పసుపు బోర్డు మీద నల్ల కుందేలు, పక్కన "ఇదిగో వచ్చేసింది" అని, అంతే. ఒకప్పుడు వెయ్యి మైళ్ళ దూరం నుంచే రోడ్డు పక్కన కుందేలు బోర్డులు, ఇంకా ఇన్ని మైళ్ళు ఇన్ని మైళ్ళు అని. అన్ని రోజులు ఆ కుందేల్ని చూసుకుంటూ వచ్చినవాళ్ళకి ఆఖరికి ఆ పెద్ద పసుపు బోర్డు కనపడితే ఎలా ఉండేదో. బయట పెద్ద కుందేలు ఉంది, ఎక్కి కూర్చోవచ్చు. తమ్ముడు ఎక్కాడు, నేనూ ఎక్కా.

సెలిగ్‌మన్ గురించి ఒక్క విషయం చెప్తా. 1978 సెప్టెంబర్ 22న ఇంటర్‌స్టేట్ 40 ఊరి పక్క నుంచి తెరుచుకుంది, ఆ రోజు నుంచి ఊళ్ళోకి బండి రావడం ఆగిపోయింది. ఊరి మంగలి ఏంజెల్ డెల్గడిల్లో ఊరుకోలేదు. 1987లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని పోగేసి ఒక సంఘం పెట్టి, ఈ పాత రోడ్డుని చారిత్రక రోడ్డుగా గుర్తించమని రాష్ట్రాన్ని పట్టుబట్టి సాధించాడు. మిగతా రాష్ట్రాలవాళ్ళు కూడా అది చూసే మొదలుపెట్టారు. అంటే నేనివాళ ఈ బొమ్మలన్నీ చూడగలిగానంటే అందులో ఒక మంగలి షాపు ఉంది. ఆ షాపు ఇప్పటికీ ఉంది, గోడల నిండా ప్రపంచమంతటి నుంచి వచ్చినవాళ్ళ విజిటింగ్ కార్డులు, కుర్చీ అలాగే ఉంది. నేను గుమ్మం దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఓట్‌మన్‌లో గాడిదలు. గనుల రోజుల్లో మోతకి తెచ్చిన గాడిదల్ని గనులు మూతపడ్డాక వదిలేసి పోతే వాటి సంతతి ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద తిరుగుతుంటాయి, కారు కిటికీలో తలపెడతాయి. ఊరికి వచ్చే కొండ దారి మాత్రం చాలా ఇరుకు, మలుపులు గట్టివి, రైలింగ్ లేని చోట్లు ఉన్నాయి, పొద్దున వెలుతుర్లోనే వెళ్ళండి.

చివరిది కాలిఫోర్నియా ఎడారిలో, ఓరో గ్రాండే దగ్గర. ఎల్మర్ లాంగ్ అనే ఆయన 2000లో మొదలుపెట్టి తన ఇంటి ముందు ఇనప స్తంభాలకి కొమ్మల్లా కడ్డీలు వెల్డింగ్ చేసి ఒక్కో కడ్డీకి ఒక్కో సీసా తొడిగాడు. అలా రెండొందలకి పైగా చెట్లు. ఆయన తండ్రి ఎడారిలో పాత సీసాలు ఏరుకొచ్చి దాచేవాడు, తండ్రి పోయాక ఆ సీసాలన్నీ ఈయనకి వచ్చాయి, వాటిని ఏం చెయ్యాలి అన్నదే మొదలు. చెట్ల నెత్తిన పాత టైప్‌రైటర్లు, ట్రాఫిక్ లైట్లు, కుట్టు మిషన్లు, తుపాకులు. 2019లో ఆయన పోయారు. గేటు మాత్రం తీసే ఉంటుంది, ఇంటివాళ్ళు చూసుకుంటున్నారు, విరాళాల డబ్బా ఒకటి ఉంది.

మేం వెళ్ళినప్పుడు ఇంకెవరూ లేరు. మధ్యాహ్నం ఎండ సీసాల్లోంచి పడి నేల మీద ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు మచ్చలు, నడుస్తుంటే మన చేతుల మీదకి కూడా వచ్చేస్తున్నాయి. గాలి వచ్చినప్పుడల్లా సీసాల మూతుల్లోంచి ఊ అని ఒక సన్నటి శబ్దం, ఒక్కో సీసాది ఒక్కో స్థాయి, పక్కనే పైన కట్టిన గాలిమరలు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. తమ్ముడు కాసేపు తల పక్కకి వంచి విన్నాడు.

"అక్కా, ఆ రోడ్డు మీద వినపడలేదు కదా" అన్నాడు.

ఇద్దరం అక్కడే ఒక చెట్టు కింద నిలబడి, మళ్ళీ గాలి వచ్చేదాకా ఆగాం.